నా కూతురి గురించి చేసిన మనవి

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన చివర ఒక్కొక్క సహోదరి లేచి తన మనవి చెబుతుంది. బోరు ఎండిపోయిందని ఒకరు, గొర్రెలకు జబ్బు తగిలిందని ఒకరు. మిగిలినవాళ్ళం ఆ మాట పట్టుకొని ప్రార్థిస్తాం. ఆ రోజు నేను ఎనిమిదేళ్ళ నా కూతురి గురించి లేచాను.

అంతకుముందు ఆదివారం సండే స్కూల్లో తను బైబిల్ వాక్యంలోని పూర్వీకుల వయసులన్నీ మనసులోనే కూడింది. అందరికన్నా ఎక్కువేళ్ళు బతికిన పెద్దాయన దేవుడు కొందరినే ఓడలో కాపాడిన జలప్రళయం వచ్చిన ఏడాదే చనిపోయినట్టు తేలింది.

"అయితే ఆయప్ప నీళ్ళల్లో మునిగినాడా టీచర్? ఓడలోకి ఎందుకు పిల్చలేదు?"

టీచరు తర్వాతి పాఠం తీసింది. పిల్లలు "లెక్కల ముసల్దీ" అని నవ్వారు. ఇంటికొచ్చి తను ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ప్రభువా, నా బిడ్డను అందరి పిల్లల మాదిరి చెయ్యి" అన్నాను. సంఘమంతా గొంతెత్తి ప్రార్థించింది. కళ్ళు తెరిస్తే, నా వెనక చాప మీద తను కూర్చొని ఉంది. బడి నుంచి ఎప్పుడొచ్చిందో.

ఆ తర్వాత నా కూతురు ప్రశ్నలు మానేసింది. నేను అడిగింది దేవుడు ఇచ్చేశాడేమో అనిపించింది. మోకాళ్ళూని, ఆ ప్రార్థన వినవద్దని వేడుకున్నాను.

రెండు వారాలకు, గొర్రెలు మేపుకునే ఒక సహోదరి నన్ను ప్రార్థన మందిరం బయట ఆపింది.

"ఏమక్కా, ఉండే తెలివి తీసెయ్యమని అడిగేదాన్ని నిన్నొక్కదాన్నే చూస్తి."

తల వంచుకున్నాను.

"మా పాపా అంతేలే. కొండ మీద ఒక గాలిమర తిరగతాంటే పక్కది ఎందుకు నిలబడినాదని నన్ను తినేస్తాది. నాకేం చదువొచ్చునా? ఎవురికన్నా చెప్తే, బిడ్డను చూసుకోని గొప్పలు పోతాందంటారు."

నేనూ ఆ మాటకే భయపడి ఇన్నాళ్ళూ బిడ్డ తెలివి గురించి ఎవరికీ చెప్పుకోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె తన కూతురిని మా ఇంటికి తెచ్చింది. పిల్లలిద్దరూ వరండాలో కూర్చున్నారు. మేమిద్దరం లోపల వేరుశనగ కాయలు ఒలుస్తూ చెవులు అటే పెట్టాం. చివరికి నా కూతురి గొంతు వినబడింది.

"ఆయప్పను ఓడలోకి ఎందుకు పిల్చలేదంటావు?"

సంగతంతా చెప్పించుకొని ఆ పాప ఆలోచించింది. "పిల్చింటాడు. ముసలాయన కదా, నడవలేకపోయింటాడు."

"అయితే ఎవురన్నా ఎత్తుకోని పోవాల్సింది."

నా చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. తర్వాతి శుక్రవారం నా కూతురిని పక్కన కూర్చోబెట్టుకొని లేచాను. ముందు చేసిన మనవి తప్పని, తను వింటుండగా, సంఘమంతటికీ చెప్పాను.