ఇరవైనాలుగో ట్రాక్ చివర

1984 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, అమెరికాలో డెట్రాయిట్ శివారు ఊరైన నోవై దగ్గర నేను పనిచేసే రికార్డింగ్ స్టూడియోలో, చనిపోయిన మనిషి గొంతును చెరిపేశాను. అది కావాలని చేసింది కాదు. ఆ తరువాతి గంటలో చేసింది మాత్రం కావాలనే చేశాను.

డెట్రాయిట్ చుట్టుపక్కల అప్పట్లో ఆ హార్డ్ రాక్ బ్యాండ్‌ని ఎరగనివాళ్లు తక్కువ. కార్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తూ, బార్లలో వాయిస్తూ పైకొచ్చిన నలుగురు. డెబ్బైల చివరికి స్టేడియాలు నింపారు. పాడే రాయ్, డ్రమ్స్ వాయించే డేల్ అన్నదమ్ములు. రాయ్ అంతకుముందు అక్టోబరులో రోడ్డు ప్రమాదంలో పోయాడు. పోవడానికి వారం ముందు, వేరే ఊళ్లో విన్స్ అనే పెద్దాయన స్టూడియోలో ఒక పాట పాడాడు. ఒకే ఒక్క టేక్. ఆ టేపుకి కాపీ లేదు. దాన్ని మిక్స్ చేసి, అంటే వాయిద్యాలనూ గొంతునూ తగుపాళ్లలో కలిపి, తమ్ముడి ఆఖరి పాటగా విడుదల చేయాలని డేల్ మా దగ్గరికి తెచ్చాడు.

రెండంగుళాల టేపు మీద ఇరవైనాలుగు ట్రాకులు ఉంటాయి. పక్కపక్కనే సాగే సన్నని దారులు అనుకోండి, ఒక్కోదాంట్లో ఒక్కో శబ్దం. మిక్సింగ్ కంప్యూటర్ టేపుతో కలిసి నడవడానికి టైమ్‌కోడ్ అనే సంకేతం కావాలి. వింటే చెవులు చిల్లులు పడే కీచురొద. దాన్ని చివరి ట్రాకులో వేయడం మా అలవాటు. అంచు ట్రాకు త్వరగా అరుగుతుంది, ముఖ్యమైనది ఎవరూ అక్కడ పెట్టరు. ఎందులో ఏముందో రాసిన ట్రాక్‌షీట్ టేపు డబ్బాలోనే ఉంది. నేను తీసి చూడలేదు. డేల్ వచ్చేలోగా పని తెమల్చాలని, స్పీకర్లు కట్టేసి, డబ్బా మీద రాసిన పాట నిడివి మేరకు ఇరవైనాలుగో ట్రాకులో టైమ్‌కోడ్ వేసేశాను.

డేల్ బూట్లకంటిన మంచు దులుపుకుంటూ వచ్చాడు. నేను పనికి టై కట్టుకుని వస్తానని నన్ను డాక్టర్ అన్నట్టుగా ‘డాక్’ అనేవాడు.

“ఏం డాక్, పేషెంట్ ఎలా ఉన్నాడు?”

“బాగానే ఉన్నాడు.”

“అయితే మావాణ్ణి వినిపించు. నా డ్రమ్స్ ఎవడిక్కావాలి!”

టేపు నడిపి, టైమ్‌కోడ్ ఉన్నదాన్ని వదిలేసి, ఒక్కో ట్రాకు శబ్దాన్ని పెంచే మీటలు, ఆ ఇరవైమూడు ఫేడర్లూ ఒక్కొక్కటే పైకి జరిపాను. గిటార్లు వచ్చాయి, బేస్ వచ్చింది. గొంతు రాలేదు. ఒకచోట వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. అక్కడ రాయ్ ఒక్కడే పాడాలి కాబోలు. ఆ నిశ్శబ్దంలో ఎవరో నోరు తెరిచి మా ముందు నిలబడ్డట్టు అనిపించింది. అప్పుడు ట్రాక్‌షీట్ తీశాను. ఇరవైనాలుగో గడిలో పెన్సిల్‌తో ‘రాయ్’ అని ఉంది. మిగతావన్నీ నిండిపోతే ఆ ఒక్కటే అతనికి మిగిలింది.

“ఏడీ వీడు?” అన్నాడు డేల్.

“గొంతు ఈ టేపులో లేదు డేల్. అక్కడ రికార్డ్ చేయలేదేమో.”

అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం.

“విన్స్ ముసలాడు! కునుకు తీసుంటాడు. ఉండు, వాడి సంగతి చెప్తా.” డేల్ గోడ దగ్గర ఫోన్ అందుకున్నాడు. నేను ఆపలేదు. నలభై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్న మనిషిని అతను నోటికొచ్చినట్టు తిడుతుంటే, చేతులు కట్టుకుని విన్నాను. వెనక పాట నడుస్తూనే ఉంది.

కాసేపటికి డేల్ గొంతు తగ్గింది. “ఎందులో? ఇరవైనాలుగా? నీ చేత్తోనే రాశావా?”

రిసీవర్‌ని బల్ల మీద పడేసి, నా చేతిలో కాగితం చూశాడు. వచ్చి ఇరవైనాలుగో ఫేడర్ తనే పైకి తోశాడు. అప్పటికి పాట అయిపోయింది, నేను వేసిన టైమ్‌కోడ్ కూడా అయిపోయింది. ఆ చివర మిగిలిన టేపు జోలికి నేను పోలేదు. కీచురొద కోసం భుజాలు బిగబట్టుకున్నాను. రాలేదు. కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. చెవి పక్కనే ఊపిరి తీసినట్టు వినిపించింది.

“డేల్, ఉన్నావా?” రాయ్ గొంతు. కొంచెం ఆగి, “ఇంకోసారి పాడనా?”

“వద్దురా. బాగుంది,” అన్నాడు డేల్, స్పీకర్ వైపు చూస్తూ.

రాయ్ అది పాడిన రోజు డేల్ బయట సిగరెట్ కాలుస్తున్నాడట. ఆ ప్రశ్నకి అప్పుడు జవాబు చెప్పినవాళ్లు లేరట.

బల్ల మీద రిసీవర్‌లోంచి విన్స్ ఇంకా “హలో, హలో” అంటున్నాడు. నేను దాన్ని తీసుకుని, డేల్ వింటుండగానే, చెరిపింది నేనని, అబద్ధమాడింది కూడా నేనేనని చెప్పాను. ఆయన, “టేపు మళ్లీ నడపకు. వాడి పక్కన కూర్చో,” అని పెట్టేశాడు.

కూర్చున్నాను. డేల్ అరవలేదు. “చేయి జారడం ఎవరికైనా ఉంటుంది డాక్. ఆ పెద్దమనిషిని నాచేత తిట్టించావు చూడు...” అని కోటు వేసుకున్నాడు.

ఆ పాట విడుదల కాలేదు. ఏ ట్రాకునైనా విననిదే రికార్డ్ బటన్ ముట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. చేసిన తప్పును కప్పిపుచ్చుకోవాలని నోరు తెరిస్తే, పక్కవాడి బతుకు మీదకి పోతుందని కూడా.

మరుసటి వారం విన్స్ ఇంటికి డ్రైవ్ చేసుకుని వెళ్లి, ఎదురుగా నిలబడి క్షమాపణ అడిగాను. తరువాత డేల్‌ని ఒకటి అడిగాను, వాళ్ల పాత టేపులు నన్ను సర్దనివ్వమని. వాళ్ల బేస్‌మెంట్‌లో పదేళ్ల టేపులు, ఆ బ్యాండ్ చేసిన పనంతా, పేర్లు చెరిగిపోయిన డబ్బాల్లో పడి ఉంది. రెండేళ్లపాటు ప్రతి శనివారం ఉదయం వెళ్లి, ఒక్కో ట్రాకూ విని, ఏముందో రాసి, కాపీలు తీశాను. పాటలయ్యాక మిగిలిన చోట్ల రాయ్ దగ్గులు, నవ్వులు, సగం మాటలు దొరికాయి. వాటన్నిటినీ ఒక కేసెట్‌లోకి ఎక్కించి డేల్ చేతికిచ్చాను.

“ఇందులోంచి ఏమైనా తీసేశావా?” అన్నాడు.

“లేదు.”

“బాగాలేనివి కూడా ఉంచావా?”

“ఉంచాను. మీ ఇద్దరూ పోట్లాడుకున్నది కూడా ఉంది.”

కేసెట్‌ని చొక్కా జేబులో పెట్టుకుని, నాకు కుర్చీ జరిపాడు.