బయట వండుకోమన్నది నేనే

మంచుకొండల మీది మా ఆర్మీ పోస్టుకి చేరేసరికి పగలు పదకొండు నలభై. ఎత్తు పదిహేను వేల అడుగులు. చలి మైనస్ ఇరవై రెండు. వీపు మీద రేడియో సెట్టు, బ్యాటరీలు, అమ్మ కట్టిచ్చిన రెండు కిలోల ఎండుమిరపకాయలు. మా పొదిలి ఎండల్ని తిట్టిన ప్రతి తిట్టుకీ ఆ పూట మనసులో లెంపలేసుకున్నాను.

బంకర్లో ఎనిమిది మందిమి. హర్యానా హవల్దారు మా కమాండర్. నేను రేడియో ఆపరేటర్ని. మెషిన్‌గన్ నాగాలాండ్ అతనిది. మాటలన్నీ హిందీలోనే. నల్లగా ఉంటానని నన్ను 'కాలియా' అనేవాళ్ళు. కళ్ళు చూసి అతన్ని 'చింకీ' అనేవాళ్ళు. నేనూ అన్నాను, దాచడమెందుకు. నన్ను ఒక్కసారి కూడా కాలియా అననిది మాత్రం అతనొక్కడే.

ఒకరోజు అతను ఇంటి నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పి కూరలో వేశాడు. పులియబెట్టి ఎండబెట్టిన సోయా గింజలు. మనకి గోంగూర ఎలాగో వాళ్ళకది అలాగ. ఆ వాసనకి నేను ముక్కు మూసుకున్నాను.

"సాబ్, ఇతన్ని బయట వండుకోమనండి," అన్నాను హవల్దారుతో.

ఆయన సరేనన్నాడు. అతను చిన్న స్టవ్వు, తన పళ్ళెం పట్టుకుని ఇసుకబస్తాల వెనక్కి వెళ్ళాడు. ఆ రోజు నుంచి అతని వంటా తిండీ మంచులోనే. ఐదు వారాలు. లోపల మాకు వెచ్చగా, హాయిగా ఉంది.

ఆరో వారం వంట వంతు నాది. పప్పు చేశాను. నోరు చచ్చిపోయి ఉందేమో, అమ్మ పంపిన మిరపకాయలు పదిహేను తుంచి, కాగిన నూనెలో వేసి తిరగమోత పెట్టాను. తలుపు మూసి ఉంది. ఇంక చూడండి నా సామిరంగా. హవల్దారు మొహానికి తువ్వాలు చుట్టుకుని బయటికి పరిగెత్తాడు. వెనకాలే అందరూ. సాయంత్రం ఆరు, రిపోర్టు వేళ. నేను మాత్రం సెట్టు దగ్గరే ఉండిపోవాల్సి వచ్చింది.

"ఆ దగ్గేంటి? గ్యాస్ ఏమైనా లీకయిందా? ఓవర్," అన్నాడు కింద బేస్‌లో ఆపరేటర్.

"తిరగమోత సాబ్. ఓవర్."

"ఏంటీ? మళ్ళీ చెప్పు. ఓవర్."

బయటికొచ్చి చూస్తే మిగతా ఏడుగురూ మంచులో నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. మెషిన్‌గన్ అతను నాకు నీళ్ళసీసా అందించాడు.

"నా కూర వాసనకి నేనొక్కణ్ణే బయటికొచ్చాను భాయ్. నీ కూర ఘాటుకి అందరం వచ్చాం. నిన్నెవరూ ఏమీ అనలేదు చూడు."

కోపంగా అనలేదు. అందుకే నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మానాన్నలు కూలికెళ్ళిన ఇళ్ళల్లో దొడ్లో కూర్చుని తిన్నవాళ్ళు. వేరే గ్లాసు అంటే ఏంటో నాకు ఎవరో చెప్పక్కర్లేదు. అలాంటి నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చింది?

"సాబ్, ఇతన్ని బయటికి పంపమన్నది నేను. తప్పు నాది. లోపలే వండుకోనివ్వండి. కాదంటే రేపట్నుంచి నాకూ బయటే," అన్నాను.

హవల్దారు ముక్కు చీదుకున్నాడు. "నీ మిరపకాయల్నే భరించాం, ఇంక దేన్నయినా భరిస్తాం. స్టవ్వు లోపలికి తెమ్మను. ఆ కాలియాలు, చింకీలు కూడా చాలించండి. మీ అమ్మానాన్నలు మీకు పేర్లు పెట్టారు."

ఆ రాత్రి నుంచి ఎనిమిది మందిమీ ఒకచోటే తిన్నాం. నెల తిరక్కుండా ఆ సోయా కూర నేనే అడిగి వేయించుకునేవాణ్ణి.

ఏప్రిల్లో కిందికి దిగాం. సెలవుకి అతన్ని మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ చాప వేసి కోడికూర వడ్డించింది. అతను తలొంచుకుని గబగబా తిన్నాడు. నేను రెండో ముద్ద కలిపేలోపు అతని పళ్ళెం ఖాళీ.

"ఎవరు తరుముతున్నార్రా ఈ బిడ్డని? నిదానంగా తినమను," అంది అమ్మ.

హిందీలో చెప్పాను. అతను సిగ్గుపడ్డాడు. "అలవాటైపోయిందమ్మా. బయట అన్నం తొందరగా గడ్డకట్టేది."

ఏమంటున్నాడని అమ్మ నా వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఉన్నదంతా చెప్పాను, పంపించింది నేనేనని కూడా. అమ్మ చేతిలో గరిటెతో నా భుజం మీద ఒక్కటిచ్చింది. అతనికి మళ్ళీ అన్నం పెట్టి, పక్కనే కూర్చుంది.

నేను సైన్యం నుంచి వచ్చేసి ఏళ్ళయింది. ఆ మంచు, ఆ చలి ఇప్పుడు గుర్తు చేసుకుంటే గానీ గుర్తురావు. ఆ పూట ముద్ద చేత్తో పట్టుకుని మా అమ్మ మొహంలోకి ఒకసారి చూసి, నెమ్మదిగా నమలడం మొదలుపెట్టిన ఆ మనిషి మాత్రం నా కళ్ళముందే ఉన్నాడు.