అన్న గిటారుకు ఊపుడు కడ్డీ

మొన్న ఎమ్మిగనూరులో దగ్గరివాళ్ళ పెళ్ళికి వెళ్ళి, రెండో పంక్తిలో భోజనానికి కూర్చున్నాను. వేదిక మీద గిటారు వాయిస్తున్న కుర్రవాడు తీగలు మీటి, వాటి పక్కనున్న చిన్న కడ్డీని అలవోకగా నొక్కి వదిలేసరికి, స్వరం ఒక్కసారి కిందికి జారి మళ్ళీ పైకి వచ్చింది. వడ్డించేవాళ్ళు పప్పు వేసి వెళ్ళిపోయారు, నేను కలపడం మరిచిపోయాను. ఆ రోజుల్లో ఆర్కెస్ట్రాలు విన్న నా ఈడువాళ్ళకు ఆ ఊగే నాదం గుర్తుండే ఉంటుంది.

డెబ్బయ్యో దశకం చివర్లో మా అన్న ఆదోనిలో ఒక ఆర్కెస్ట్రా పార్టీలో గిటారు వాయించేవాడు, అందులోనే నేను ఆడగొంతు పాటలు పాడేదాన్ని. బడిపంతులైన మా నాన్న పెట్టిన షరతు ఒక్కటే, వేదిక మీద అన్న ఉంటేనే నేను పాడాలి. అన్నది మామూలు గిటారు కాదు, పత్తి వ్యాపారం మీద బొంబాయి వెళ్ళొచ్చే మా మేనమామ పాతది చూసి కొని తెచ్చిన పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు. తీగలన్నీ జంటలు, చాలా జంటల్లో ఒకటి లావు, ఒకటి సన్నం; ఒక్క మీటుకు రెండూ కలిసి పలుకుతుంటే, ఇంకెవరో కూడా వాయిస్తున్నారేమోనని జనం తెర వెనక్కి తొంగి చూసేవారు.

అలాంటప్పుడు రాయచూరు నుంచి ఒకాయన కడ్డీ ఉన్న గిటారుతో దిగాడు. మా పార్టీ ఓనరు అతని వాయింపు విని వచ్చి, మొహమాటం లేకుండా అన్నతో చెప్పేశాడు. "కొత్త పాటలకు ఆ ఊపు కావల్లప్పా, జనం అదే అడుగుతాండారు. దసరా అయినాక ఎమ్మిగనూరు ప్రోగ్రాముకు నీ గిటారుకూ ఆ కడ్డీ పెట్టుకోని రా. లేదంటే ఆయప్పనే పిలుసుకుంటా." అన్న సరేనని తల ఊపాడు. అన్న మానేస్తే నేనూ మానేయాల్సిందే కాబట్టి, ఇంటికొచ్చి ఏడ్చింది నేను.

మేనమామే మళ్ళీ బొంబాయి నుంచి ఆ కడ్డీ బిగింపు తెచ్చాడు, కాకపోతే అది ఆరు తీగల గిటారుకని చేసింది. పత్తి జిన్నింగు మిల్లులో మరమ్మతులు చూసే మా బాబాయి ఒక్కో కొక్కేనికి రెండేసి తీగలు తగిలించి, దాన్ని గిటారు పొట్టకు స్క్రూలతో బిగించాడు. పన్నెండు తీగల లాగుడుకు లోపలి స్ప్రింగు అణిగిపోయి కడ్డీ కాస్తా పడుకుంది. బాబాయి పట్టు వదలక, కౌతాళంలో కాలువ నీళ్ళు తోడే ఆయిల్ ఇంజనులోంచి పాత వాల్వు స్ప్రింగు ఒకటి సంపాదించి పెట్టాక గానీ అది లేచి నిలబడలేదు. ఆయుధపూజ నాడు మా అవ్వ ఇంట్లో కొడవలికీ కత్తిపీటకూ పెట్టినట్టే ఆ కొక్కేలన్నిటికీ తడి గంధం పట్టించి, కుంకుమ బొట్లు పెట్టింది.

మర్నాడు అన్న కడ్డీ నొక్కి వదిలితే, జారిన స్వరం తిరిగి తన చోటికి రాలేదు. నేరమంతా అవ్వ గంధం మీదికి పోయింది. ఎండి అట్టకట్టిన గంధాన్ని బాబాయి కిరోసిన్ గుడ్డతో తుడుస్తుంటే, అవ్వకు రోషం వచ్చింది. "నా గంధానికేమి రోగము? పోయి మీ ఇంజను స్ప్రింగునడుగుపోండి" అంది. తుడిచాక కూడా అదే తంతు. నొక్కినప్పుడు లావు తీగ ఒకలా, సన్న తీగ ఒకలా జారేవి; వదిలాక ఏ జంటా కలిసేది కాదు.

ఎమ్మిగనూరులో ఊపు రావలసిన చోట అన్న కడ్డీ మీద చెయ్యి వేశాడు, నొక్కలేదు, నా వైపు చూశాడు. మేము ముందుగా అనుకున్నదేమీ లేదు. నేను మైకు దగ్గరికి జరిగి, అతని తీగ కిందే సన్నగా కూనిరాగం తీసి గొంతును జార్చి లేపాను. ఆ బాకా లౌడ్‌స్పీకర్లలో ఏది తీగో ఏది గొంతో ఎవరికి తెలుస్తుంది! జనం ఈలలు వేశారు. వెనక యాంప్లిఫయరు దగ్గరున్న ఓనరు ముందుకొచ్చి, "ఇప్పుడు కుదిర్యా సూడు" అని అన్న భుజం తట్టాడు. ఆ తర్వాత ప్రతి ప్రోగ్రాములోనూ అంతే, అన్న ఉత్తుత్తిగా చెయ్యి ఆడించేవాడు, నేను ఊగేదాన్ని. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

కొన్నాళ్ళకు నాకు పెళ్ళయింది, అత్తవారింట్లో పాట ఊసే లేదు. నేను వెళ్ళాక అన్న వాయింపులో ఊపు పోయిందని ఓనరు రాయచూరు ఆయన్ను పెట్టుకున్నాడట. అన్న కడ్డీ విప్పేసి, గిటారు కూడా ఎవరికో ఇచ్చేశాడట. చాలా ఏళ్ళ తర్వాత వదిన ఏదో మాటల్లో చెప్పిందే తప్ప, అన్న ఒక్కనాడూ అనలేదు.

ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు ఒక్కరే బస్సెక్కి వెళ్ళి పాడి వస్తున్నారు, అన్న ఏడీ అని ఎవరూ అడగడం లేదు. నాకు సంతోషమే, కొంచెం అసూయ కూడా. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరి దిగులూ నన్ను ఒంటరిగా పంపకూడదనే. నేను వెళ్ళిపోతే అన్న ఒంటరివాడవుతాడని ఎవరికీ తోచలేదు.