రాశానని చెప్పిన డిస్క్

మా సార్ పోయారని మొన్న మంగళవారం వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. బోరబండలో, ఇంట్లోనే, మధ్యాహ్నం కునుకులో పోయారట. "నాయిన మిమ్ముల శానా యాది చేసేటోడు" అంది. ఇన్నేళ్లు దాచిన సంగతి ఇక్కడ చెబుతాను.

తొంభైల చివర్లో ఫిల్మ్ నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్లో టేపులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. యంత్రాల బాధ్యత సార్‌ది. ప్రోగ్రాములు రాసే పనికి నేను కొత్తగా చేరాను. చుట్టూ బంగళాల కోసం బండలు పేల్చేవారు. ఆ దుమ్మును సార్ రోజూ తడిగుడ్డతో తుడిచేవారు. యంత్రం ఆపేముందు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "జర ఆగు, ఇంకా రాస్తుంది" అనేవారు.

గొంతును డిస్క్‌కు పంపేటప్పుడు మా ప్రోగ్రాము ఆదేశానికి ఒక గుర్తు తగిలించేది. కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలో ఉంచుకోకుండా, నేరుగా డిస్క్ లోపల తిరిగే పళ్లెం మీద రాసి, అప్పుడే అయిందని చెప్పమని దాని అర్థం. కొత్తగా తెచ్చిన డిస్క్‌కు ఆ గుర్తు తెలియదు. ఆదేశాన్నే తిప్పికొట్టింది. రికార్డింగ్ ఆగిపోయింది.

ఆ రోజు మైకు ముందున్నది ఎన్నో అమ్మ పాత్రలకు గొంతిచ్చిన పెద్దావిడ. మర్నాడు ఆపరేషన్ చేసి ఆవిడ స్వరపేటిక తీసేస్తారు. ఇంకా రెండు రీళ్లు మిగిలాయి. "నేనొచ్చేదాక ఏం ముట్టకుండ్రి" అని సార్ వేరే డిస్క్ కోసం కోఠి వెళ్లారు.

"ఆవిడ కూర్చోలేకపోతున్నారు, ఏదో ఒకటి చెయ్యమ్మా" అన్నాడు మేనేజర్.

నేను ఆ గుర్తు తీసేశాను. డిస్క్ ప్రతి ఆదేశానికీ అయిందనే చెప్పింది. ఆవిడ చివరి డైలాగు ముగించి, దణ్ణం పెట్టి వెళ్లారు. కాసేపటికే కరెంటు పోయింది. యూపీఎస్ అందుకోలేదు. కరెంటు తిరిగి వచ్చాక చూస్తే ఆ రెండు రీళ్లూ లేవు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక మెమరీలోనే ఉండి చెరిగిపోయింది.

సార్ వచ్చి ప్రోగ్రాములో నేను మార్చిన వరస చదివారు.

"గుర్తు తీసుడు తప్పు గాదు బిడ్డా. దానికి రానిది రాదు. గని తీసినంక, ఉన్నదంత పళ్లెం మీదికి దించమని ఇంకో ఆదేశం ఇయ్యాలె. అది దించిన అనేదాక నువ్వు అయిందనొద్దు."

నాలుగు రోజులు డిస్క్ అంతా వెతికారు. ఒక దగ్గు, సగం వాక్యం దొరికాయి.

ఎవరు మార్చారని యజమాని అడిగినప్పుడు "నేనే" అన్నారు సార్. నేను పక్కనే ఉన్నాను. ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. ఆయన్ని తీసేశారు. తర్వాత కృష్ణానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని టీవీలు బాగుచేస్తూ బతికారు. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ నిజం ఒప్పుకుందామనే వెళ్లి, చాయ్ తాగి వచ్చేశాను.

ఆ నెలాఖరున, థియేటర్లో సార్ తన సామాను సర్దుకునే రోజున పెద్దావిడ వచ్చారు. మెడకు కట్టు. కాగితం మీద రాసి చూపించారు: "నా రెండు రీళ్లు బాగా వచ్చాయా?"

సార్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. "రాలేదమ్మా. పోయినయ్. తప్పు నాదే."

ఆవిడ కాగితం తిప్పారు. ఏదో రాశారు, కొట్టేశారు. మళ్లీ రాయబోయి ఆగి, కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకున్నారు. నేను తలుపు వెనక ఉన్నాను. సార్ ఆవిడ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ దించుతూ ఆటో దాకా తీసుకెళ్లారు.