లెక్కల మాస్టారికి డాన్సు నేర్పిన బావమరిది

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన వచ్చాడంటే ఆ ఊళ్ళో ఏ వేడుకకైనా కళ వచ్చినట్టే. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. కాస్త బొజ్జ ఉంది, నెత్తిన జుట్టు సగం సెలవు తీసుకుంది. పాట మొదలైతే మాత్రం ఆ బొజ్జ ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు, దూదిపింజలా తేలిపోతాడు. పగలంతా దుకాణంలో వంగి కూర్చుని చీమ తలకాయంత స్క్రూలు బిగించి బిగించి మెడ పట్టేసేది. ఆదివారం రాగానే ఏదో ఒక హాల్లో చేతులు బార్లా చాపి ఆ నొప్పంతా వదిలించుకునేవాడు. డెబ్భై ఏళ్ళ పెద్దావిడలు కూడా ఆయన చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేయనిదే ఇంటికి కదిలేవారు కాదు.

ఆయన మగవాళ్ళను ఇష్టపడే మనిషని అందరికీ తెలుసు. ఆ సంగతి ఆయన నోటితోనే బయటపడింది, అదీ డాన్సు మధ్యలో.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. పిన్ని కూతురి పెళ్ళి విందులో చెవులు చిల్లులు పడేలా పాట మోగుతోంది. పిన్ని ఆయన చొక్కా పట్టుకుని గుంజింది.

"ఒరే, నీకో మంచి సంబంధం చూశాను. ఈసారి కాదన్నావో, నా మొహం చూడకు!"

మామూలుగా చెబితే వినపడదని ఆయన గొంతు చించుకుని అరిచాడు. "నాకు సంబంధాలు చూడకు పిన్నీ! నేను గే!"

సరిగ్గా అప్పుడే పాట ఆగిపోయింది. చివరి మాట హాలంతా తిరిగొచ్చింది. పిన్నికి ఒక చెవి సరిగ్గా పనిచేయదు.

"గేటా? ఏ గేటు దగ్గరరా?" అంది.

ఏమీ లేదు పిన్నీ అని అక్కడితో తప్పించుకోవచ్చు. కానీ తలుపు పక్కన ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చున్న ప్లంబరు ఆయన కంటబడ్డాడు. ఆ పెళ్ళికి మూడేళ్ళ ముందు దుకాణంలో వాష్‌బేసిన్ కారుతుంటే బాగుచెయ్యడానికి వచ్చి, ఆ తర్వాత ఏదో ఒక వంకతో వస్తూ, చివరికి ఆయన జీవితంలోనే ఉండిపోయిన మనిషి. చుట్టాల ముందు మాత్రం 'ఇంట్లో అద్దెకుంటున్న స్నేహితుడు'. ప్లంబరు చెప్పమనీ సైగ చేయలేదు, వద్దనీ చేయలేదు. నమలడం ఆపి చూస్తున్నాడంతే.

"గేటు కాదు పిన్నీ," అన్నాడాయన, ఈసారి నెమ్మదిగా. "నేను మగవాళ్ళని ఇష్టపడతాను. అదిగో, ఆ తలుపు దగ్గర కూర్చున్నాడే, తనూ నేనూ కలిసే ఉంటున్నాం. వేరే సంబంధం నాకు అక్కర్లేదు."

పిన్ని ప్లంబరుని ఎగాదిగా చూసింది. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదరా? ఇప్పుడు ఆ పిల్ల వాళ్ళకి నేనేం చెప్పి చావను!" అంది.

ఆయన తల్లికి మాత్రం ఆ మాట మింగుడు పడ్డానికి నెల పట్టింది. ఒకరోజు కళ్ళు పరీక్ష చేయించుకునే వంకతో దుకాణానికి వచ్చి, కుర్చీలో కూర్చుని, అక్షరాల పట్టిక వైపు చూస్తూనే అడిగింది. "నీకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు?"

"తను చూస్తాడమ్మా."

"తనకొస్తే?"

"నేను."

"సరే, ఆ రెండో వరుస కనపడట్లేదు. అద్దం మార్చు," అంది. అంతటితో ఆ విషయం తేలిపోయింది.

తేలనిదల్లా బావగారితోనే. అక్క మొగుడు బడిలో లెక్కల మాస్టారు. బావా బావమరుదులంటే ఇలా ఉండాలి అని నలుగురూ చెప్పుకునేంత చనువు వాళ్ళది. ఒకరి బట్టతల మీద ఒకరు, ఒకరి గురక మీద ఒకరు వేళాకోళాలాడుకుంటూ విందుల్లో పక్కపక్కనే కూర్చునేవారు. ఆ పెళ్ళి విందులో పిన్ని మాట పూర్తయ్యేలోపే మాస్టారు కుర్చీ జరుపుకుని లేచి వెళ్ళిపోయాడు. తర్వాత తిట్టలేదు, రావద్దనలేదు. 'ఒరేయ్' కాస్తా 'మీరు' అయింది, అంతే. "బాగున్నారా?" "బాగున్నాం." ఎనిమిదేళ్ళు ఇదే వరస. అంత మర్యాద కంటే నాలుగు బూతులు తిట్టినా హాయిగా ఉండేదని ఆయన ప్లంబరుతో అంటుండేవాడు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం దుకాణం మెట్లెక్కాడు. చేతిలో కళ్ళజోడు, దాని కాడ ఊడి వేలాడుతోంది. కళ్ళజోళ్ళాయన స్క్రూ బిగించి, ముక్కు దగ్గర సరిచేసి ఇచ్చాడు. మాస్టారు కదలలేదు. అద్దాల బీరువాలో ఉన్న ఫ్రేములన్నీ ఒక్కొక్కటే చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగలకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే నెలకి మా పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు. పిల్లలు హాలు మాట్లాడారు. మీ అక్క... ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా నాతో డాన్సు చేశారా అని అడిగింది. నవ్వుతూనే అడిగిందిలెండి. కానీ ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు."

"నేర్పమంటారా?"

"మీకు వీలుంటేనే."

మర్నాటి నుంచి భోజనాల వేళ షట్టరు సగం దించి, వెనక గదిలో పాఠాలు మొదలయ్యాయి. చెయ్యి నడుం మీద వేయాలనగానే మాస్టారు రెండడుగులు వెనక్కి వేశాడు. "అది... తప్పనిసరా?"

"అక్క నడుం మీద వేయాల్సిన చెయ్యి మరి గాల్లో వేస్తారా? సరే, ఇవాళ్టికి ఈ స్టూలు పట్టుకోండి."

మాస్టారు స్టూలును ఎత్తుకుని గదంతా తిరిగాడు. రెండో రోజూ స్టూలే. మూడో రోజుకి చెమటలు తుడుచుకుంటూ మాస్టారే విసుక్కున్నాడు. "ఇది తనంతట తాను అడుగెయ్యదు కదా! రండి, మీరే రండి."

అలా అక్క వేయాల్సిన అడుగులు తమ్ముడు వేశాడు. మాస్టారి అరచెయ్యి మంచుముక్కలా ఉంది. పెదవుల మీద లెక్క మాత్రం ఆగడం లేదు. "ఒకటి, రెండు, మూడు, మలుపు. ఒకటి, రెండు..."

"బావా, లెక్క లోపల పెట్టుకోండి. అక్క అనుకుంటుంది, ఎక్కాలు చెబుతున్నారని."

ఆ 'బావా' అలవాటు కొద్దీ వచ్చేసింది. మాస్టారు ఒక అడుగు తప్పాడు.

నాలుగో రోజు వాళ్ళు సరిగ్గా మలుపులో ఉండగా షట్టరు కింద నుంచి దూరి ప్లంబరు వచ్చాడు, ఒక చేతిలో పానా, రెండో చేతిలో క్యారేజీ. మాస్టారు చెయ్యి వదిలేసి గోడకు అతుక్కుపోయాడు. ప్లంబరు ఇద్దరినీ చూశాడు. క్యారేజీ బల్ల మీద పెట్టాడు.

"మోకాళ్ళు బిగబెట్టారు మాస్టారూ. అలా అయితే పొద్దున్నే మెట్లు దిగలేరు. కాస్త వదలండి," అని, ఆ తర్వాత కళ్ళజోళ్ళాయన వైపు తిరిగాడు. "బీపీ మాత్ర వేసుకున్నావా? వేసుకోలేదు. నాకు తెలుసు. ముందు తిను."

ముగ్గురూ ఆ చిన్న బల్ల చుట్టూ కూర్చుని తిన్నారు. పప్పులో ఉప్పు తగ్గిందని కళ్ళజోళ్ళాయన, నీ బీపీకి అదే ఎక్కువని ప్లంబరు పోట్లాడుకున్నారు. మాస్టారు వింటూ కూర్చున్నాడు. ఆ పోట్లాట అచ్చం తన ఇంట్లోదే. ప్లంబరు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు. "ఆ రోజు నేను లేచి వెళ్ళింది నీ మీద కోపంతో కాదురా."

'రా' విని కళ్ళజోళ్ళాయన కలుపుతున్న ముద్ద వదిలేసి తలెత్తాడు.

"నీతో అంత చనువుగా ఉండేవాణ్ణి కదా, భుజాల మీద చేతులేసుకుని. జనం నన్నేమనుకుంటారో అని భయపడ్డాను. అంతే. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ నిజం అదే."

"బావా, ఒక మాట చెప్పనా? మీరు నాకు నచ్చే రకం కాదు."

మాస్టారు ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత పొలమారేంతగా నవ్వాడు. ప్లంబరు పరుగున వచ్చి ఆయన నెత్తి మీద తట్టాడు. "ఏమైంది? ఏమైంది?" అని ఎంత అడిగినా ఇద్దరూ చెప్పలేదు.

విందు ఆదివారం మధ్యాహ్నం జరిగింది. అక్క చుట్టాలకు వడ్డన చూస్తూ, చేతిలో గరిటెతో ఉంది. పాట మొదలవగానే మాస్టారు ఇస్త్రీ చొక్కాలో నిటారుగా నడిచొచ్చి, గరిటె తీసి పక్కన పెట్టి, చెయ్యి చాచాడు.

"ఏంటండీ ఇది, ఒంట్లో బాగానే ఉందా?" అంది అక్క.

బాగానే ఉంది. మూడు మలుపులు తిరిగారు. రెండో మలుపులో లెక్క పైకే వినిపించింది, చుట్టూ ఉన్నవాళ్ళు కలిసి లెక్కపెట్టారు. అక్క నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. పాటయ్యాక తమ్ముడి దగ్గరికి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది. "నువ్వేనా? ఇంకెవరు చేస్తారులే ఇలాంటి పని!"

ఆ తర్వాత కళ్ళజోళ్ళాయన తన మామూలు పనిలో పడ్డాడు. పిన్నితో ఒకటి, పక్కింటావిడతో ఒకటి, మేనకోడలితో రెండు. ప్లంబరు ఎప్పటిలాగే తలుపు పక్కన కూర్చుని చూస్తున్నాడు. మాస్టారు వెళ్ళి అతని ముందు నిలబడ్డాడు.

"నువ్వు లేవవేం?"

"నాకు రాదు మాస్టారూ. నాకు చూడ్డమే ఇష్టం."

"నాకే వచ్చింది. నీకు రాకపోవడమేమిటి? లే."

ప్లంబరు చెవులు ఎర్రబడ్డాయి. పదకొండేళ్ళుగా ఇంట్లో వంట చేస్తుంటే పాట మోగినా ఒక్క అడుగు వేయని మనిషి, పళ్ళెం కుర్చీ కింద పెట్టి లేచాడు. కళ్ళజోళ్ళాయన నడిహాల్లో నిలబడి అతను రావడం చూశాడు. ఎంతమందితోనో ఆడిన కాళ్ళు, ఇప్పుడు మొదటి అడుగు ఎటు వేయాలో తేల్చుకోలేకపోయాయి. హాల్లో ఇద్దరు ముగ్గురు మొహం తిప్పుకున్నారు. మాస్టారి అన్నగారు గాలి కోసమని బయటికి వెళ్ళాడు. మిగిలినవాళ్ళు కాసేపు చూసి, మళ్ళీ భోజనంలో పడ్డారు. ప్లంబరు బరువైన మనిషి, బూటుతో రెండుసార్లు కాలు తొక్కాడు.

"నొప్పిగా ఉందా?" అని చెవిలో అడిగాడు.

"ఉంది. ఆగకు," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

ఆ విందు తర్వాత నాలుగైదు జంటలు మాకూ నేర్పమని వెంటపడ్డాయి. మాస్టారు తన బడిలో ఆటల గది తాళం ఇప్పించాడు. ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం అక్కడ పాఠం. పిన్ని కూడా వస్తుంది, వినపడే చెవి పాట వైపు పెట్టి నిలబడుతుంది. ప్లంబరు గది మూలనున్న కారే కుళాయి మొదటి వారమే బాగుచేశాడు. పాఠం ఎంతసేపు సాగినా అతను ఆడేది ఒక్క పాటకే, అదీ నెమ్మది పాటైతేనే. అది అవగానే వెళ్ళి బల్ల మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ తనవాణ్ణి చూసుకుంటాడు.