సార్ వేయని ఆరు మార్కులు

మా సోషల్ సార్ పోయారని సూర్యాపేట నుంచి చెల్లి ఫోన్ చేసింది. ఆఖరి చూపు కోసం మిర్యాలగూడలో బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, పాత కుళ్లే వచ్చింది.

కోదాడ దగ్గర మా ఊరి హైస్కూల్లో పదో తరగతి సోషల్‌కి ఇరవై మార్కులు సార్ చేతిలో ఉండేవి, ఎనభై పబ్లిక్ పరీక్షవి. మా క్లాస్ లీడర్‌కి ఇరవైకి ఇరవై, నాకు పద్నాలుగు. ఆమెది ముత్యాల్లాంటి రాత, నోట్లో నాలుక లేని పిల్ల. నావి కోడిగీతలు, పైగా ప్రతి దానికీ అడ్డు ప్రశ్న. "నువ్వు జర కూసో బిడ్డా" అనేవారు సార్. పాఠం మాత్రం ఎంత బాగా చెప్పేవారో! మూసీ కృష్ణలో కలిసే చోటు చూపిస్తానని వాడపల్లి తీసుకెళ్లారు. అక్కడ కూడా తన గొడుగు లీడర్ చేతికే ఇచ్చారు.

పబ్లిక్‌లో జవాబు పత్రం మీద పేరుండదు. ఎక్కడి మాస్టారో దిద్దారు. అందులో నా గ్రేడు ఆమె కంటే రెండు మెట్లు పైన. మెమో పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను, దండం పెట్టడానికి కాదు, దెప్పడానికి.

"నన్ను ఎరగని సారు ఏసిండు సార్ ఇది."

ఆయన మెమో తీసుకుని చూశారు. "నీ జవాబు సరిగ సదవలే బిడ్డా. రాత సూసిన, నీ లొల్లి యాదికొచ్చింది, ఏసేసిన. తప్పయింది."

పిల్లతో తప్పయిందని ఒప్పుకున్న మాస్టారు మరొకరు నాకు ఎక్కడా కనబడలేదు.

మరుసటి ఏడు చెల్లి పదో తరగతి. పేపర్ల మీద పిల్లల పేర్లు తీసేయించి, నంబర్లు వేయించి, సార్ ఆ కట్ట పట్టుకుని పక్కనున్న చిలుకూరుకు బస్సెక్కేవారట. అక్కడి బడిలో స్నేహితుడు ఇవి దిద్దితే ఈయన వాళ్లవి దిద్దేవారు. "మీరంత నాకు తెలుసు, గందుకే నన్ను నేను నమ్మను" అన్నారట. చెల్లికి పంతొమ్మిది వచ్చాయి. పోట్లాడింది నేను, మార్కులు దానికి. నాలుగు రోజులు దానితో మాట్లాడలేదు.

బస్సు దిగి వెళ్లేసరికి సార్ ఇంటి నిండా జనం. లీడర్ అప్పటికే వచ్చి ఉంది. సార్ భార్య ఆమెను పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని ఏడ్చింది. తర్వాత నా వైపు చూసింది.

"నువ్వు ఏ బ్యాచ్ బిడ్డా?"

ముక్కూమొహం తెలియని వాళ్లు నాకు న్యాయమే చేశారు. కానీ నాకు కావలసింది, నన్ను ఎరిగిన సార్ చేతి మార్కులు. ఏ బ్యాచో చెప్పాను. "మంచిదమ్మా" అని ఆమె మళ్లీ లీడర్ భుజం మీద తల వాల్చింది. నేను పూలదండ పట్టుకుని వరుసలో నిలబడ్డాను.