శ్యాంబాబు గారి గీతల లెక్క

రామచంద్రపురంలో మా ఆఫీసు గుమ్మం ఎక్కిన ప్రతివాడూ అడిగే మొదటి మాట ఒకటే. "శ్యాంబాబు గారున్నారాండి?" ఎదురుగా ఇంజనీరుని నేను కూర్చునే ఉన్నాను కదా! గోడమీది క్యాలెండర్‌ని చూసినట్టు చూసేవాళ్ళు నన్ను. ఒళ్ళు మండిపోయేది.

శ్యాంబాబు గారు మా డ్రాఫ్ట్స్‌మన్. ఐటీఐ చదువు, యాభై దాటిన వయసు. రైసుమిల్లుకైనా బడికైనా కప్పుని మోసే ఇనుప చట్రాన్ని, అదే ట్రస్సుని, ఆయన అంకెలతో కాదు, గీతలతో లెక్కకట్టేవారు. బరువు ఎంతో గీత అంత పొడవు, బరువు ఎటు లాగితే గీత అటు. ఒకదాని కొస నుంచి ఇంకొకటి. అన్నీ సరిగ్గా ఉంటే ఆఖరి గీత మొదలెట్టిన చుక్క దగ్గరికే వచ్చి ఆగాలి. ఆ గీత గీసేముందు కట్టించుకునేవాళ్ళని బల్ల దగ్గరికి పిలిచేవారు. "మీరే చూడండి, కలిసిందా లేదా?" చదువురాని రైతు కూడా వంగి చూసి, "కలిసిందండోయ్!" అని మురిసిపోయేవాడు. నేను క్యాలిక్యులేటర్ నొక్కి నొక్కి నాలుగు పేజీలు నింపి చూపిస్తే మాత్రం ఆవులించేవాళ్ళు. అవును, కుళ్ళే. దాచడం దేనికి?

తొంభై ఆరు తుఫానుకి ఆయన వెళ్ళే చర్చి కప్పు లేచిపోయింది. గంట స్తంభం కూలింది. కొత్త స్తంభం కట్టేదాకా గంటని గుమ్మం దగ్గరి ట్రస్సుకే, ఎడమ గోడ పక్కగా వేలాడదీయాలన్నారు సంఘపెద్దలు. లెక్క నేను చేశాను. రెండు గోడల మీదా ఎంతెంత బరువు పడుతుందో రాసి, బొమ్మ గీయమని శ్యాంబాబు గారికిచ్చాను.

సంఘపెద్దలు బల్ల చుట్టూ చేరారు. ఆఖరి గీత కలవలేదు. చిటికెనవేలు పట్టేంత ఖాళీ.

"ఇదేంటండీ, ఎప్పుడూ కలిసేదేగా?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన ఏసురాజు.

నాకు లోపల పండగే పండగ. "పెన్సిల్ అరిగిపోయుంటుంది. వయసు కూడా అయ్యింది కదండీ," అన్నాను.

శ్యాంబాబు గారు నా కాగితాన్నీ, తన బొమ్మనీ మార్చి మార్చి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "మళ్ళీ గీస్తానండి," అన్నారంతే.

వాళ్ళు వెళ్ళాక నా పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "గంట మీ ప్లానులో ఉందండి, గోడల మీద పడే బరువులో కలపడం మర్చిపోయారు. అందుకే గీత కలవలేదండి. ఎడమవైపు కడ్డీలు చాలవండి. కింద సండేస్కూలు పిల్లలు కూర్చుంటారు."

ఆ మాట నలుగురిలో అనొచ్చు. అనలేదు. అందుకు దణ్ణం పెట్టాల్సింది పోయి, నాకు ఇంకా మండింది. మర్నాడు సంఘపెద్దలు రాగానే, ఆయన ఎదుటే చెప్పేశాను. "శ్యాంబాబు గారు గంట బరువు వదిలేశారండి. అదృష్టం కొద్దీ నా కంట పడింది. ఎడమవైపు లావు కడ్డీలు వేయిద్దాం."

ఆయన తలెత్తలేదు. శుభ్రంగా ఉన్న కాగితాన్నే రబ్బరుతో తుడుస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఆయన కోసం అడిగేవాళ్ళు తగ్గిపోయారు. "ఇంజనీరు గారున్నారాండి?" అని వస్తుంటే చెవులకి ఎంత హాయిగా ఉండేదో!

చర్చి ప్రతిష్ఠ రోజు నా మెడలో పెద్ద దండ వేశారు. శ్యాంబాబు గారు వెనక వరసలో కూర్చున్నారు. బయటికి వస్తుంటే ఆయన భార్య ప్రసన్నకుమారి గారు ఎదురొచ్చి చేతులు జోడించారు.

"వందనాలండి. మా వారి తప్పు మీరు చూసుకోబట్టి సరిపోయింది. లేకపోతే పిల్లల మీద పడేదంట కదండీ. రోజూ ప్రార్థనలో మీ పేరు తలుచుకుంటున్నానండి."

అంటే, ఈవిడకి కూడా చెప్పలేదా ఆయన?

"మరి శ్యాంబాబు గారు... ఏమంటారండి?"

"ఏమంటారండి? నేను మీ పేరు చెప్పగానే, పక్కనే మోకరించి ఆమెన్ అంటారు."

దండ మెడలోనే ఉంది. ఆ మనిషి మీద అంత కుళ్ళు నాకు అంతకుముందెప్పుడూ పుట్టలేదు.